పాటల వీడియోల మీద వ్యాసం పంపిన అబ్బాయికి

చిక్కడపల్లి,
ఆదివారం

బాబూ,

నీ వ్యాసం అందింది. మొదటి ఆరు పేజీలు చదవలేక మధ్యలో లేచి కూరగాయలు తరుక్కున్నాను. తొమ్మిదో పేజీకి వచ్చాక మాత్రం కళ్ళజోడు తుడుచుకొని కుదురుగా కూర్చున్నాను. ఎందుకో చెప్తాను. అంతకుముందు ఒక మాట. ఉత్తరం నిండా మేడమ్, మేడమ్ అని రాశావు. మీ అమ్మకంటే పెద్దదాన్నే అయి ఉంటాను. పెద్దమ్మా అను, లేదంటే ఏమీ అనకు.

తొమ్మిదో పేజీ అడుగున ఇలా రాశావు: మీ ఊళ్ళో ఫోక్ సాంగ్ షూటింగు పెట్టారు. నాట్లు వేసే సీనుకు ఊరి ఆడవాళ్ళను పిలిచారు. వాళ్ళు బీరువాల్లోంచి మంచి చీరలు తీసి కట్టుకొని, పూలు పెట్టుకొని వచ్చారు. ఇవి పనికిరావు, పొలానికి పోయేటప్పుడు కట్టేవి కట్టుకొని రండని వెనక్కి పంపారు. మీ మేనత్త ఇంటికి పోయింది, మళ్ళీ రాలేదు. అంతే, ఐదు వాక్యాలు. ఆ వెంటనే పదో పేజీలో 'దృశ్య సంస్కృతిలో అస్తిత్వ నిర్మాణ ప్రక్రియ' మొదలుపెట్టావు.

ఒరేయ్ అబ్బాయ్, వ్యాసమంతా ఆ ఐదు వాక్యాల్లో ఉంటే, దాన్ని వదిలిపెట్టి ఎక్కడికి పోయావు?

ఆ వీడియో లింకు పంపావు కదా, చూశాను. మూడుసార్లు సౌండు తీసేసి చూడమని నా దగ్గరికి వచ్చే పిల్లలందరికీ చెప్తాను. నీకూ అదే చెప్తున్నాను. సౌండు ఉంటే డప్పు మోతకి కాలు ఆడుతుంది, కన్ను పని చెయ్యదు. సౌండు తీసేశాక ఏం కనపడిందంటే, గాయని లంగా ఓణీ ఇస్త్రీ మడత నలగలేదు. బురద మడిలో నిలబడింది, పట్టీలు మాత్రం తళతళా మెరుస్తున్నాయి. ఆమె వెనక వెలిసిపోయిన చీరల్లో నడుములు వంచి పదిమంది. కెమెరా గాయని మొహం మీద ఆగినంతసేపు ఆగుతుంది. వెనకవాళ్ళ మీదికి ఎప్పుడు వచ్చినా పైనుంచి డ్రోన్‌లోనే వస్తుంది. అంత ఎత్తు నుంచి మొహాలు కనపడవు కదా, వీపులే.

ఇక నువ్వు రాసింది చూడు: 'ఈ వీడియో శ్రామిక స్త్రీలకు గౌరవప్రదమైన ప్రాతినిధ్యం కల్పిస్తూ గాయనిని మట్టిబిడ్డగా నిలబెట్టింది.' గౌరవం సంగతి మీ మేనత్తను అడుగు. మట్టిబిడ్డగా నిలబెట్టిన మాట నిజమే, ఎలా నిలబెట్టిందో నువ్వు రాయలేదు. ఆ ఆడవాళ్ళు మంచి చీరలతోనే మడి గట్టున నిలబడి ఉంటే ఏమయ్యేది? పెళ్ళికి పోతున్నట్టు ఉండేవాళ్ళు. వాళ్ళలో గాయని ఒకతి అయిపోయేది. పాత చీరలు కట్టిస్తేనే కొత్త ఓణీ కొత్తగా కనిపిస్తుంది. పల్లెపాట పాడే పిల్ల అన్న పేరు ఆమెకు వెనకవాళ్ళ వెలిసిన చీరల్లోంచి వస్తోంది. ఆ చీరలు ఏరి పెట్టినవాడు కాస్ట్యూమ్ అసిస్టెంటు. నేను ముప్పై ఏళ్ళుగా మొత్తుకుంటున్నది ఇదే: వీడియోలో కళాకారుడి బొమ్మ ఎలా కట్టారో తెలియాలంటే కళాకారుణ్ణి చూడొద్దు, వెనక వరస చూడు. ఎవరున్నారు, ఏం కట్టుకున్నారు, ఎంతసేపు ఉన్నారు, మొహం కనిపించిందా లేదా.

ఈ మాట అచ్చులో రానివ్వడానికి నేను పడ్డ తిప్పలు చెప్తే నీకు కోపం వస్తుంది. తొంభైల చివర్లో ఒక సినిమా వారపత్రికలో పని చేసేదాన్ని. ఒక ప్రైవేటు ఆల్బమ్ షూటింగుకు పంపారు. పాట పల్లవి నల్లపిల్ల అందం గురించి. టేకుకి ముందు డాన్స్ అసిస్టెంటు వరసల మధ్యకు వచ్చి, రెండో వరసలో ఉన్న చామనఛాయ పిల్ల భుజం మీద రెండు వేళ్ళు ఆనించి నాలుగో వరసలోకి పంపాడు. మాట్లాడలేదు, కసురుకోనూ లేదు. ఆ పిల్ల కూడా అడగలేదు, అలవాటైనట్టు వెళ్ళి నిలబడింది. స్పీకర్లో నల్లపిల్ల పాట మోగుతూనే ఉంది. నేను ఆ రెండు వేళ్ళ గురించి ఒక పేరా రాశాను. మా ఎడిటరు గారు ఎర్రకలంతో అడ్డంగా గీత గీసి, 'పాఠకుడికి వీళ్ళెందుకమ్మా' అన్నాడు. ఆ జాగాలో ఆల్బమ్ హీరోయిన్ ఫొటో అరపేజీ వేశారు. ఫొటో కింద రాయాల్సిన వాక్యం కూడా నన్నే రాయమన్నారు.

సరే, మీ తరానికి ఎర్రకలం లేదు. మీకు వ్యూస్ ఉన్నాయి. పాట పది మిలియన్లు దాటిందంటే అదే సమీక్ష. 'ఆ వైబే వేరు' అంటే అదే విమర్శ. అటు యూనివర్సిటీ సెమినార్లకు పోతే, వీడియోలో ఎవరు నిలబడ్డారో చెప్పకుండానే గంటసేపు మాట్లాడేవాళ్ళు ఉన్నారు. నువ్వు ఈ రెండు రోగాలనూ ఒక్క వ్యాసంలో అంటించుకున్నావు, గట్టివాడివే.

విదేశాల ఉదాహరణలు బాగానే తెచ్చావు, కానీ పనికి వాడుకోలేదు. కోల్డ్‌ప్లే అనే ఇంగ్లండు బ్యాండు మన దేశంలో తీసి 2016లో విడుదల చేసిన వీడియో మీద నువ్వు రాసినదంతా, రంగులు, సాధువులు, హోలీ పిల్లలు, తెల్లవాడి చూపు, అదే ఏడాది లోకమంతా రాసేసింది. నువ్వు చూడాల్సింది ఇంకొకటి ఉంది. అందులో హిందీ సినిమా తార వేషం అమెరికా గాయని బియాన్సేకి ఇచ్చారు. పాత సినిమా హాల్లో తెర మీద ఆమె నగలతో మెరుస్తుంటే బ్యాండు గాయకుడు సీట్లో కూర్చొని చూస్తాడు. నిజంగా హిందీ సినిమా తార అయిన సోనమ్ కపూర్ అదే వీడియోలో ఉంది. రెప్ప వేస్తే ఆమె పోయింది. ఈ రెండూ పక్కపక్కన పెడితే నీ నాలుగు పేజీలు నాలుగు వాక్యాలవుతాయి.

మైకేల్ జాక్సన్‌ని ఒక్క ముక్కలో తేల్చేశావు, 'పేదరికాన్ని వాడుకున్నాడు' అని. అంత తేలిక కాదులే. 'దే డోంట్ కేర్ అబౌట్ అజ్' పాటకు 1996లో స్పైక్ లీ బ్రెజిల్‌లో తీసిన వీడియో మళ్ళీ చూడు. రియోలో దోనా మార్తా అనే మురికివాడలో తీస్తామంటే, ఊరి పరువు పోతుంది, పర్యాటకులు రారని అక్కడి అధికారులే అడ్డుపడ్డారు. అదే దేశంలో సాల్వడార్ అనే ఊళ్ళో ఒలొదూమ్ అనే డోలు బృందం వెనక నిలబడి వాయించింది. ఆ బృందం 1979 నుంచి ఉంది, నల్లవాళ్ళ బృందం. ఇక్కడ జాక్సన్ ఏం వేసుకున్నాడు? వాళ్ళ బృందం పేరున్న టీషర్టు. మీ ఊళ్ళో వెనకవాళ్ళ చీరలు మార్చారు, అక్కడ ముందువాడు చొక్కా మార్చుకున్నాడు. అయినా లాభం ఎవరిది అంటావా, ఎక్కువ లాభం అతనిదే. జనంలోంచి ఒకామె కాపలా దాటుకొని వచ్చి వాటేసుకుంటే, అతను ఆడుతూనే ఉంటాడు, ఆ ముక్కను ఎడిటింగులో తీసెయ్యలేదు. ఎందుకు తీస్తారు? నన్ను ఎవరూ పట్టించుకోవట్లేదని పాడేవాణ్ణి జనం ఎంత ప్రేమిస్తున్నారో చూపించే ముక్క దొరికితే ఎవరు వదులుకుంటారు? కానీ ఒలొదూమ్ పేరు కూడా ఆ చొక్కా మీద లోకమంతా తిరిగింది. వాడుకున్నాడా, మోశాడా అని నన్ను అడక్కు. చొక్కా గురించి రాయి, చదివేవాళ్ళు తేల్చుకుంటారు.

నాకు బాగా నచ్చిన వీడియో నీ వ్యాసంలో లేనే లేదు. పంజాబీ గాయకుడు దలేర్ మెహందీ పాటలు ఆడపిల్లల డాన్సు వల్లే అమ్ముడుపోతున్నాయని విమర్శలు వస్తుంటే, ఆయన 1998లో వెనక వరసనే ఎత్తేశాడు. 'తునక్ తునక్ తున్'లో ఒక్క అమ్మాయి ఉండదు. తలపాగాలు, అంగరఖాలు మార్చుకొని నలుగురు దలేర్ మెహందీలే. పచ్చ తెర ముందు తీసి, వెనక కొండలూ మేఘాలూ అతికించారు. ముందు వరసా తనే, వెనక వరసా తనే. చూసినప్పుడు పగలబడి నవ్వాను. విమర్శకు అంతకంటే మంచి జవాబు పాటల వీడియోల్లో నేను చూడలేదు. ఆ అమ్మాయిల బత్తా పోయిందన్న సంగతి కూడా అప్పుడే తట్టింది, అది వేరే కథ.

మన దగ్గర గద్దర్ ఉండేవాడు. భుజాన గొంగడి, కాళ్ళకు గజ్జెలు, చేతిలో కర్ర. అదీ ఒక వేషమే, ఆ మాట అనడానికి భయపడకు. కాకపోతే ఆ వేషంలో పక్కన వంత పాడేవాళ్ళూ అలాగే ఉండేవాళ్ళు, గొంగడి కప్పుకున్న గొల్లకురుమలు ఎదురుగా కూర్చొని చూసేవాళ్ళు. వేషం తేడాగా ఉంటే అక్కడికక్కడే తెలిసిపోతుంది. ఇప్పుడు యూట్యూబు పాటల్లో గొంగళ్ళు కాస్ట్యూమ్ పెట్టెలో హైదరాబాదు నుంచి వస్తున్నాయి. షాట్ అయిపోగానే మడతపెట్టి లెక్క చూసుకొని తీసుకుపోతున్నారు. నువ్వు ఇందులో తేడా ఏముందని ఒక పేరా రాసి కొట్టేశావు. కొట్టేసిన పేరానే బాగుంది. వెనక్కి పెట్టు.

తమిళ పాట 'ఎంజాయ్ ఎంజామి' గురించి రాసింది సగమే. 2021 మార్చిలో వచ్చిన ఆ పాట, అది రాసి పాడిన ర్యాపర్ అరివు వాళ్ళ అవ్వ వళ్ళియమ్మాళ్ బతుకులోంచి వచ్చింది. శ్రీలంక తేయాకు తోటల్లో పని చేసి వచ్చిన మనిషి, వీడియోలోనూ కనిపిస్తుంది. నువ్వు అక్కడ ఆగి, అణగారినవాళ్ళకు ప్రాతినిధ్యం దొరికిందని చప్పట్లు కొట్టావు. ఆ ఆగస్టులో రోలింగ్ స్టోన్ ఇండియా ముఖచిత్రం మీద అతనితో కలిసి పాడిన గాయని ధీ ఉంది, ఆమెతో ఆ పాటతో సంబంధం లేని ఇంకో గాయకుడు ఉన్నాడు, అరివు లేడు. సినిమా దర్శకుడు పా రంజిత్ నిలదీశాక అరివుకి విడిగా ఇంకో ముఖచిత్రం వేశారు. తర్వాతి ఏడాది చెన్నైలో చెస్ ఒలింపియాడ్ ప్రారంభ వేదిక మీద ఆ పాట పాడినప్పుడూ అతను లేడు. పాటలో ఎవరి వాటా ఎంతో వాళ్ళు బహిరంగంగానే వాదించుకున్నారు, ఆ తగవు తీర్చడం మన పని కాదు. వీడియోలో మొదటి వరసలో ఉన్న మనిషి, వీడియో బయట ఏ వరసలోకి పోయాడన్నది మాత్రం మన పనే. వీడియో నాలుగైదు నిమిషాల్లో అయిపోదు. పోస్టరు ఉంటుంది, థంబ్‌నెయిల్ ఉంటుంది, ముఖచిత్రం, స్టేజీ ఉంటాయి. ఒక్కో చోట ఒక్కో మనిషి రాలిపోతుంటాడు.

మీ ఊరి వీడియో కింద డిస్క్రిప్షన్ బాక్సు చూశావా? నేను చూశాను. గానం, రచన, సంగీతం, డీఓపీ, ఎడిటింగ్, మేకప్, పోస్టర్ డిజైన్ అన్నిటికీ పేర్లున్నాయి. డ్రోన్ ఆపరేటరుకు ఇంటిపేరుతో సహా ఉంది. అన్నిటికంటే అడుగున 'స్పెషల్ థ్యాంక్స్: గ్రామ ప్రజలు'. ఆ గ్రామ ప్రజలు ఎవరో నీకు పేరుపేరునా తెలుసు. ఈ పాట మీద రాసే ఏ సెమినార్ పెద్దమనిషికీ ఆ సంగతి తెలియదు. నీ దగ్గర ఉన్న ఆస్తి అదొక్కటే, దాన్ని తొమ్మిదో పేజీలో దాచావు.

ఇంకేం చేయాలంటే, మీ మేనత్త దగ్గర కూర్చో. ఏ చీర కట్టుకొని పోయింది, ఆ చీర ఎప్పటిది, వెనక్కి పంపినవాడు ఏమని అన్నాడు, పాత చీర కట్టుకొని మళ్ళీ పోయినవాళ్ళకు ఎంత ఇచ్చారు, అన్నం పెట్టారా, పాట వచ్చాక ఫోన్లో ఎవరు చూశారు, చూసి ఎవరెవరు తమను తాము గుర్తుపట్టుకున్నారు. డ్రోన్ షాట్‌లో వీపును బట్టి గుర్తుపట్టుకున్నవాళ్ళు కూడా ఉంటారు. అన్నీ రాసుకో. గాయనిని కూడా కలువు. ఆమెను విలన్ని చెయ్యకు. ఆ అమ్మాయిదీ ఏదో ఊరే అయి ఉంటుంది, ఆమె ఓణీ కూడా ఎవరో ఏరిపెట్టిందే. తనకు ఏది కట్టుకోవాలని ఉండిందో అడుగు.

స్టువర్ట్ హాల్, లారా మల్వీ లాంటి సిద్ధాంతకారుల్ని చదివావు, మంచిదే. వాళ్ళను నీ వాక్యాల ముందు నిలబెట్టకు. సినిమాల్లో మగచూపు గురించి 1975లో అచ్చయిన ఆ వ్యాసాన్ని మల్వీ సినిమాలు చూసి రాసింది, మల్వీని చదివి రాయలేదు.

పుస్తకంగా వేస్తే ఎంత ఖర్చవుతుంది, రివ్యూలు రాస్తే డబ్బులొస్తాయా, పాటల విమర్శకు భవిష్యత్తు ఉందా అని మూడు ప్రశ్నలు అడిగావు. రెండోదానికి జవాబు రావు. మిగతావి తర్వాత.

'బిగ్ డాగ్స్' ర్యాప్ పాట మీద నువ్వు రాసిన పేజీ ముట్టుకోకు. కేరళలోని పొన్నానిలో మృత్యుకూపం గోడల మీద బండ్లు నడిపేవాళ్ళు చేతులు వదిలేసి తిరుగుతుంటే, కింద నిలబడిన ర్యాపర్ హనుమాన్‌కైండ్ ధైర్యవంతుడిగా కనిపిస్తాడని రాశావు. అమెరికాలో హ్యూస్టన్‌లో పెరిగిన ఆ కుర్రాడికి ఆ గోడ ఊరిని కూడా తెచ్చిచ్చిందని రాశావు. నేను చూడనిది చూశావు. ఇలాంటి పేజీ ఇంకొకటి రాయగలిగినవాడివి అస్తిత్వ నిర్మాణ ప్రక్రియలు రాస్తుంటే ఒళ్ళు మండదా మరి.

చివరిగా, ఆ మాసపత్రికకు సిఫారసు ఉత్తరం అడిగావు. ఇందాక చెప్పిన ఎర్రకలం ఆయనే ఇప్పుడు అక్కడ గౌరవ సలహాదారు. మాకు మాటల్లేవు. నా పేరు కనపడితే కవరు విప్పకుండా తిప్పి పంపుతాడు. తిరిగి రాశాక నువ్వే నేరుగా పంపుకో. కవరు మీద తిరుగు చిరునామా మీ ఊరిదే రాయి, నాది రాయకు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ