స్టూలు అడిగే ముందు

అమ్మడూ,

నీ తొడ నొప్పి సంగతీ, స్టూళ్లు కావాలని షాపు అమ్మాయిలంతా కలిసి మేనేజరుకు కాగితం ఇవ్వబోతున్నారన్న సంగతీ మీ అమ్మ ఒకే ఫోనులో చెప్పింది. దేనికి బెంగపడాలో, దేనికి మురిసిపోవాలో తెలియక ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. బీసెంట్ రోడ్డులో పొద్దస్తమానం నిలబడి చీరలు పరిచే పిల్ల కూర్చునే చోటు అడుగుతోందంటే మేనమామ పోలికే. సరే, పొగడ్త అయింది. ఇక తిట్లు.

ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదే? తొడ బయటి వైపున మంట, జిలజిల, చీర రాసుకున్నా ఒళ్లు జలదరించడం, గిల్లితే మాత్రం మొద్దు. నిలబడితే ఎక్కువ, కూర్చుంటే తక్కువ. ఇంతేగా? బస్సులో టికెట్లు కొట్టే రోజుల్లో నాకూ అచ్చం ఇదే. దీన్ని మెరాల్జియా పారెస్థెటికా అంటారు. నడుములోని రెండవ, మూడవ పూసల దగ్గర పుట్టి తొడ బయటి చర్మానికి పోయే నరం ఒకటుంది. తుంటి ముందు వైపు ఎముక కొన చేతికి తగులుతుంది చూడు, దాని పక్కనే గజ్జల దగ్గరి గట్టి పట్టీ కింద నుంచి దూరి వస్తుంది. అక్కడ నొక్కుకుపోతే ఈ గోల. అది స్పర్శ తెలిపే నరమే, కాలిని కదిలించేది కాదు. కాబట్టి దీనివల్ల కాలు పడిపోదు. నేనైతే పక్షవాతం వస్తోందనుకుని బ్యాంకు పుస్తకాలు ఎక్కడున్నాయో మీ అత్తయ్యకు చూపించేశాను.

మొదట ఒక ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆయన నా కాలు ముట్టుకోలేదు. ఎంఆర్ఐ రాశాడు. ఫిల్ము లైటు ముందు పెట్టి, ఎల్4-ఎల్5 దగ్గర, అంటే నడుము నాలుగో, ఐదో పూసల మధ్య, డిస్కు ఉబ్బిందన్నాడు. ఆ వయసులో ఏ నొప్పీ లేనివాళ్లకు తీసినా అలాంటి ఉబ్బులు కనబడతాయని అప్పుడు నాకేం తెలుసు? అక్కడి నరం నొక్కుకుంటే నొప్పి మామూలుగా మోకాలు దాటి పిక్కలోకో పాదంలోకో లాగుతుంది. నాది మోకాలు దాటనే లేదు. అది అడిగినవాళ్లూ లేరు. నడుముకు ఇనుప పట్టీల బెల్టు ఇచ్చి, డ్యూటీలో విప్పొద్దన్నాడు. దాని మీద ప్యాంటు బెల్టు, ఆపైన భుజానికి వేలాడే క్యాష్ బ్యాగు. మాచర్ల రోడ్డులో బస్సు గుంతలో పడ్డప్పుడల్లా బ్యాగు వచ్చి సరిగ్గా అక్కడే కొట్టేది. మంట ఎక్కువైందని మళ్లీ వెళితే, బెల్టు వదులుగా కడుతున్నారు, ఇంకా బిగించండి అన్నాడు. బిగించాను. నొప్పి మాత్రలకు కడుపులో మంట వచ్చిందే తప్ప తొడలో మంట పోలేదు.

కనిపెట్టింది మీ అత్తయ్య. ఓ రాత్రి బెల్టు విప్పుతుంటే తుంటి ఎముక మీద ఎర్రగా గాడి పడి ఉండటం చూసి, వేలితో నొక్కింది. కరెంటు కొట్టినట్టు తొడంతా జివ్వుమంది. “నొప్పి నడుములో లేదండీ, ఇక్కడుంది” అంది. మర్నాడు గుంటూరులో నరాల డాక్టరు. ఆయన నడిపించి చూశాడు, మోకాలి మీద సుత్తితో కొట్టాడు, దూది రాస్తూ స్పర్శ ఎక్కడ మారుతోందో అక్కడల్లా బాల్‌పెన్నుతో గీత గీశాడు. చివరికి తొడ బయటి వైపు సొరకాయ ఆకారంలో నీలం బొమ్మ తేలింది. “ఈ బెల్టు ఎవరిచ్చారు, మీ నొప్పికి ఇదే తిండి పెడుతోంది” అన్నాడు. మనసు సంగతులు చెప్పిన డాక్టరు ఫ్రాయిడ్ అంతటివాడు కూడా తనకున్న ఈ నొప్పి గురించి 1895లో రాశాడని చెప్పి నా టెన్షన్ తగ్గించాడు. బెల్టు తీసేశాక కూడా తగ్గడానికి నెలలు పట్టింది. ఇప్పటికీ కొంత మేర మొద్దుగానే ఉంది, దాన్ని పట్టించుకోను.

అందుకే చెబుతున్నా, చెయ్యి వేసి చూడకుండా స్కాను మాత్రమే చదివే వాళ్ల మాట మీద ఆగిపోకు. లంగా బొందు తుంటి ఎముక మీద బిగించి ముడి వేయొద్దని, వెడల్పు ఎలాస్టిక్ కుట్టించుకోమని మీ అత్తయ్య పక్కన కూర్చుని మరీ రాయిస్తోంది. బిగుతు జీన్సు వద్దు. పెళ్లయ్యాక పెరిగిన బరువు కాస్త తగ్గించు, కోప్పడకు. షుగరు పరీక్ష చేయించు, మన ఇంట్లో ఉంది కదా. పక్కకు తిరిగి పడుకుంటే మోకాళ్ల మధ్య దిండు పెట్టుకో.

వేడి కాపడం మాత్రం పెట్టావంటే ఊరుకోను. మొద్దుబారిన చర్మానికి ఎంత కాలుతోందో తెలియదు. మీ అమ్మమ్మ షుగరు కాలు వేణ్ణీళ్లలో పెట్టి బొబ్బలెక్కించుకుంది, ఆ పుండు మానేసరికి మా ప్రాణాలు పోయాయి. నువ్వప్పుడు పాలు తాగే పిల్లవి. వీధి చివర ఆర్ఎంపీ వేసే సూది కూడా వద్దు.

ప్రీగాబాలిన్, అమిట్రిప్టిలిన్ లాంటి మందులు రాస్తే మొదట్లో మత్తుగా, తూలినట్టుగా ఉండొచ్చు. ప్రీగాబాలిన్‌తో కొందరికి బరువూ పెరుగుతుంది, అది మనకు రివర్సు. హాయిగా ఉంది కదా అని ఒక్కసారిగా మానకు, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. పిల్లల ఆలోచన ఉంటే, సిగ్గుపడకుండా మాత్రలు రాసేముందే చెప్పు. వీటికి లొంగకపోతే స్కానింగ్‌లో చూస్తూ నరం పక్కన మత్తుమందు, స్టెరాయిడు ఇంజెక్షన్ చేస్తారు. దానికి మంట తగ్గితే జబ్బు ఇదేనని రుజువు కూడా అవుతుంది. ఆపరేషన్ అన్నిటికన్నా చివర. నరం కోసేస్తే ఆ మేర శాశ్వతంగా మొద్దే. చాలామందికి అంతదాకా రానే రాదు.

కాలు బలం తగ్గినా, తొడ సన్నబడినా, నొప్పి మోకాలి కిందికి దిగినా అది వేరే జబ్బు, వెంటనే చూపించాలి. మూత్రం మీద పట్టు తప్పినా, కూర్చుంటే ఆనే చోట ఒంటికి స్పర్శ పోయినా అర్ధరాత్రయినా ఆసుపత్రికి పరిగెత్తాలి.

ఇక స్టూలు. ఒంటరిగా వెళ్లకు, ముందు నువ్వే మాట్లాడకు కూడా. నీది కొత్త ఉద్యోగం, నిన్నే ముందు తీసేస్తారేమోనని నా భయం. కాగితంలో జబ్బు పేరు రాయొద్దు, అందరికీ కావాలని రాయండి. దుకాణాల్లో కూర్చునే హక్కుకు కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టం చేశాయని ఒక వాక్యం చేర్చండి. అడగడానికి ఊతం. ఒప్పుకునేదాకా ఒక కాలు చిన్న పీట మీద ఎత్తి పెట్టుకుని నిలబడు, నరం మీద లాగుడు తగ్గుతుంది.

ఆదివారం మేమిద్దరం వస్తున్నాం. సోమవారం డాక్టరుకు టోకెన్ తీసుకో, షాపులో సెలవు చెప్పు. పాత రిపోర్టులు ఏమున్నా పారేయకు. మీ అత్తయ్య గోంగూర పచ్చడి తెస్తోంది, ఖాళీ సీసా కడిగి ఆరబెట్టి ఉంచు.

మీ మావయ్య