వెనిగర్ గిన్నెలో పండు ఈగలు పడటం లేదా? ముందు గాలి చూడండి

లోపం వెనిగర్‌లో లేదు, పైన తిరుగుతున్న ఫ్యానులో ఉండవచ్చు. పండు ఈగలను పట్టడానికి అరటిపళ్ల పక్కనే వెనిగర్ గిన్నె పెట్టినా మూడు రోజులుగా ఒక్కటీ పడలేదని రాశారు కదా.

పండు ఈగ ప్రధానంగా గాలిని పట్టుకుని వస్తుంది. మీసాలకు వాసన తగలగానే గాలికి ఎదురు తిరిగి ఎగురుతుంది. వాసన తెగిపోతే గాలికి అడ్డంగా అటూ ఇటూ వెతుకుతుంది. మళ్లీ తగిలితే మళ్లీ ఎదురు. గాలి దిశను పసిగట్టడానికీ ఆ మీసాలు తోడ్పడతాయి. ఫ్యాను కింద వాసన ముక్కలైపోతుంది, గాలికి ఒక దిక్కంటూ ఉండదు. పాపం, అది ఎటు తిరగాలి?

1. ఫ్యాను ఆపి, కిటికీ కొద్దిగా తెరవండి.

2. చాలామంది వదిలేసేది ఇదే: గిన్నె పెట్టే ముందు అగరుబత్తి వెలిగించి పొగ ఎటు పోతుందో చూడండి. గిన్నె పెట్టే చోటి నుంచి ఈగలున్న వైపు పోవాలి. ఎదురుగా వస్తుంటే గిన్నెను అవతలి పక్కకు మార్చండి. ఈగలకు వాసనే చేరకపోతే ఎంత మంచి వెనిగర్ పోసినా వృథా. చూశాక బత్తి ఆర్పేయండి.

3. వెనిగర్‌లో సగం నీళ్లు కలపండి. ఘాటు మరీ ఎక్కువైతే అవి దూరం జరుగుతాయి.

4. గిన్నెలు తోమే ద్రవం ఒక చుక్క వేయండి. లేకపోతే పైన నిలబడి తాగి వెళ్లిపోతాయి.

5. ముదురు రంగు గిన్నె వాడండి. వాసన తగిలిన ఈగ దగ్గరకొచ్చాక కళ్లను నమ్ముకుంటుంది, చిన్న నల్లటి వస్తువుల వైపు మళ్లుతుంది.

6. అరటిపళ్లను మూత డబ్బాలో పెట్టండి.