పదికి ఎన్ని?

సైన్స్ ఫిక్షన్ సీరియళ్ళు చూస్తూ, ఎపిసోడ్ ఎపిసోడ్‌కీ మార్కులు వేసుకుని నాలుగు ముక్కలు రాసుకునే పాఠకుల ప్రశ్నలు, వాటికి జవాబులు

ప్రశ్న: ‘స్టార్ ట్రెక్: ది నెక్స్ట్ జనరేషన్’ మొదటినుంచీ చూస్తూ ప్రతి ఎపిసోడ్‌కీ పదికి ఇన్నని రాసుకుంటున్నాను. వెనక్కి తిరగేసి చూస్తే అన్నీ ఏడులూ ఎనిమిదులే. నాకు మార్కులు వేయడం రాదంటారా?
– ఏడు దగ్గర ఇరుక్కుపోయిన పాఠకురాలు

జవాబు: రాకేమండీ, మొహమాటం అంతే. ఇష్టపడి చూస్తున్న సీరియల్‌కి మూడు వేయాలంటే ఎవరికైనా చెయ్యి రాదు. నచ్చనివాళ్ళు నాలుగో ఎపిసోడ్‌కే లేచి వెళ్ళిపోతారు. ఐదో సీజన్ దాకా కూర్చుని మార్కులు వేసేది అభిమానులే. అందుకని జనం వేసిన సగటు చూసి ‘పోనుపోనూ బాగుపడిందే’ అని మురిసిపోకండి. సీరియల్ బాగుపడిందో, తిట్టేవాళ్ళు తగ్గిపోయారో చెప్పలేం.

ముందుగా మీ మార్కులకి అట్టడుగు ఎక్కడుందో తేల్చుకోండి. మీరు చూస్తున్న సీరియల్‌లోనే అందుకు దివ్యమైన సరుకుంది. 1989 జులైలో వచ్చిన రెండో సీజన్ ఆఖరి ఎపిసోడ్, ‘షేడ్స్ ఆఫ్ గ్రే’. ఒక గ్రహం మీద, నౌకలో కెప్టెన్ తర్వాతి అధికారి రైకర్‌కి ఏదో గుచ్చుకుని ఒళ్ళంతా విషక్రిములు పాకుతాయి. వైద్యం పేరుతో అతని జ్ఞాపకాలు కదిలిస్తారు. జ్ఞాపకాలంటే ఏమిటనుకున్నారు? మనం ఇదివరకే చూసేసిన ఎపిసోడ్ల ముక్కలు. అంతకుముందు ఎపిసోడ్లకి డబ్బు ఎక్కువ ఖర్చైపోతే, లెక్క సరిపెట్టుకోవడానికి దీన్ని మూడు రోజుల్లో చుట్టేశారు. దీనికి నేను వేసేది 1. ‘పాపం, డబ్బుల్లేవుగా’ అని జాలిపడి ఇంకో రెండు కలిపేవాళ్ళున్నారు. నేను కలపను.

ఎందుకంటే అదే సీజన్‌లో, అదే ఏడాది ఫిబ్రవరిలో ‘ద మెజర్ ఆఫ్ ఎ మాన్’ వచ్చింది. అందులోనూ హంగులేమీ లేవు, ఎక్కువభాగం ఒక గదిలో వాదన. డేటా అనే ఆండ్రాయిడ్, అంటే మనిషి రూపంలో ఉన్న యంత్రం, మనిషితో సమానమా, నౌకాదళం సొత్తా అన్నది తగువు. డేటాకి వ్యతిరేకంగా వాదించాల్సిన పని అతని స్నేహితుడు రైకర్ నెత్తిన పడుతుంది. రైకర్ ఒంటరిగా కూర్చుని డేటా నిర్మాణ పటాలు వెతుకుతుంటాడు. గెలిపించే పాయింటొకటి కంటపడుతుంది. ముఖంలో ‘దొరికింది!’ అన్న మెరుపు. మరుక్షణమే అది చల్లారిపోతుంది, దొరికింది ఎవరి మీద వాడాలో గుర్తొచ్చి. మాట లేదు, గ్రాఫిక్స్ లేవు. నా లెక్కలో 9.

ఈ రెండింటినీ అటూ ఇటూ మేకులుగా కొట్టుకోండి. ప్రతి కొత్త ఎపిసోడ్‌నీ ‘దీనికంటే మేలా, దానికంటే తక్కువా’ అని అడిగితే ఏడు దానంతటదే కదులుతుంది. నాలుగు, ఐదు అంకెలు కూడా మనవే, వాడుకోవచ్చు. ఏ పాపమూ చేయకుండా, ఏమీ మిగల్చకుండా వెళ్ళిపోయిన ఎపిసోడ్‌కి ఐదే న్యాయం.

ప్రశ్న: ‘డాక్టర్ హూ’లో ‘బ్లింక్’ని అందరూ ఆకాశానికెత్తుతారు. తీరా చూస్తే డాక్టర్ కాసేపే కనిపించాడు. హీరో లేని ఎపిసోడ్‌కి పదికి పదా?
– డాక్టర్ కోసం మాత్రమే చూసేవాణ్ణి

జవాబు: లేకపోవడానికి కారణం చెబుతాను, ఆ తర్వాత మీ ఇష్టం. ఏడాదికి పదమూడు ఎపిసోడ్లు, క్రిస్మస్‌కి ఇంకొకటి. షూటింగ్ రోజులు చాలేవి కావు. అందుకని రెండు ఎపిసోడ్లు పక్కపక్కన తీస్తూ, ఒకదాంట్లో ప్రధాన నటుల పని బాగా తగ్గించేసేవారు. అలా 2006లో ‘లవ్ అండ్ మాన్‌స్టర్స్’, 2007లో ‘బ్లింక్’ వచ్చాయి. ఇబ్బంది రెండింటికీ ఒకటే. మొదటిదాన్ని జనం ఈనాటికీ తిడుతూనే ఉన్నారు, రెండోదానికి 2008లో, సైన్స్ ఫిక్షన్‌కిచ్చే హ్యూగో అవార్డు వచ్చింది.

‘బ్లింక్’ రాసిన స్టీవెన్ మాఫట్ డాక్టర్ లేని లోటుని కప్పిపుచ్చలేదు, దాన్నే కథ చేసేశాడు. కాలంలో ముందుకీ వెనక్కీ తిరిగే డాక్టర్ పాతకాలంలో చిక్కుకుపోయి డీవీడీల్లోంచి మాట్లాడతాడు. వినాల్సింది శాలీ స్పారో అనే అమ్మాయి. ఇక ఆ రాతి విగ్రహాలు. ఎవరైనా చూస్తుంటే కదలవు, రెప్ప వేస్తే మీదకొస్తాయి. ఈసారి చూసేటప్పుడు ఒకటి గమనించండి. గదిలో ఎవరూ విగ్రహం వైపు చూడకపోయినా, అది తెరమీద ఉన్నంతసేపూ కదలదు. కెమెరా చూపు పక్కకి తప్పుకున్నాకే కదులుతుంది. అంటే కాపలా కాసేవాళ్ళలో మనల్నీ ఒకళ్ళని చేశారన్నమాట. టీవీ చూసేవాడి చేత ఇంత పని చేయించిన ఎపిసోడ్‌కి పది వేయడానికి నాకు రెండో ఆలోచన రాలేదు.

‘లవ్ అండ్ మాన్‌స్టర్స్’కి మాత్రం నేను 6 వేస్తాను. మొదటి సగంలో, డాక్టర్‌ని వెతకడానికి చేరిన నలుగురైదుగురు అసలు పని మరచిపోయి స్నేహితులైపోయే తీరు చాలా బాగుంటుంది. చెడగొట్టింది రెండో సగంలో వచ్చే రాక్షసుడు. ‘బ్లూ పీటర్’ అనే పిల్లల కార్యక్రమం పోటీలో గెలిచిన పిల్లాడి బొమ్మ అది. ఆ పిల్లాడికి పదికి పది. నాలుగు మార్కులు కోసింది దాన్ని ఆ కథలో ఇరికించిన పెద్దవాళ్ళకి.

ప్రశ్న: మా మనవడు అంతరిక్షంలో పేలుడు శబ్దం వినపడితే చాలు, రెండు మార్కులు కోసేస్తాడు. ఈ లెక్కన ఏ ఎపిసోడూ ఎనిమిది దాటడం లేదు. మీరైనా చెప్పండి బాబూ.
– ఒక తాతయ్య

జవాబు: తాతయ్యగారూ, మీ మనవడు చెప్పిన భౌతికశాస్త్రం సరైనదే, తీర్పే సరిగా లేదు. ఏ సీరియల్ ఏ మాట ఇచ్చిందో ఆ మాటకే కట్టాలి. 1966 నాటి ‘స్టార్ ట్రెక్’ శూన్యంలో నిశ్శబ్దం చూపిస్తానని ఎవరికీ చెప్పలేదు. 2002లో వచ్చిన ‘ఫైర్‌ఫ్లై’ చూపించింది, బయట నౌక తిరుగుతుంటే చప్పుడుండదు. ‘ది ఎక్స్‌పాన్స్’ ఇంకా గట్టి మాట ఇచ్చింది. అందులో ఇంజిన్ నెడుతున్నంతసేపే కాళ్ళకింద బరువు. సగం దూరం వెళ్ళాక నౌకని వెనక్కి తిప్పి వేగం తగ్గించుకోవాలి. ఆ సీరియల్‌లో ఇంజిన్ ఆగిపోయాక ఎవరైనా అయస్కాంతపు బూట్లు లేకుండా దర్జాగా నడిస్తే, మీ మనవడితోపాటు నేనూ రెండు కోస్తాను.

‘స్టార్ ట్రెక్’లో కోయాల్సిన చోటు వేరే ఉంది. వారం వారం నౌకని గ్రహం మీద దింపి చూపించడం ఖర్చని, మనిషిని మాయం చేసి కిందకి పంపే ట్రాన్స్‌పోర్టర్ పెట్టారు. పెట్టారు కాబట్టి ఇక అది ఉన్నట్టే. కిందున్నవాళ్ళు చిక్కుల్లో పడితే, పైకి లాగేయకుండా ఎందుకు ఊరుకున్నారో ఒక్క ముక్కయినా చెప్పాలి. చెప్పకపోతే కోత. అది ఎలా పనిచేస్తుందో మాత్రం అడక్కండి. కణం ఎక్కడుందో, ఎంత వేగంతో పోతోందో రెండూ ఒకేసారి కచ్చితంగా తెలుసుకోలేమని హైసెన్‌బర్గ్ సూత్రం. దాన్ని దాటేయడానికి అందులో హైసెన్‌బర్గ్ కాంపెన్సేటర్ అని ఒక భాగం కల్పించారు. అదెలా పనిచేస్తుందని అడిగితే తర్వాతి ‘స్టార్ ట్రెక్’ సీరియళ్ళ సాంకేతిక సలహాదారు మైకేల్ ఒకూడా ‘చాలా బాగా పనిచేస్తుంది, థాంక్స్’ అన్నారట. మనవడికి ఈ సంగతి చెప్పి చూడండి.

ప్రశ్న: ‘బాబిలాన్ 5’ మొదటి సీజన్‌లో ‘బాబిలాన్ స్క్వేర్డ్’కి 6 వేశాను. మూడో సీజన్ చూశాక అది 9 అనిపిస్తోంది. దిద్దవచ్చా?
– రబ్బరు చేతిలో పట్టుకుని కూర్చున్నవాణ్ణి

జవాబు: రబ్బరు కింద పెట్టండి. పాత ఆరుని ఉండనిచ్చి, పక్కన తేదీ వేసి తొమ్మిది రాయండి. రెండూ నిజాలే.

ఆ సీరియల్ సృష్టికర్త జె. మైకేల్ స్ట్రాజిన్‌స్కీ ఐదేళ్ళ కథని ముందే మనసులో పెట్టుకుని, మొత్తం 110 ఎపిసోడ్లలో 92 తానే రాశాడు. నాలుగేళ్ళ క్రితం మాయమైన అంతరిక్ష కేంద్రం 1994లో ఆ ఎపిసోడ్‌లో హఠాత్తుగా ప్రత్యక్షమవుతుంది. ఎందుకో, ఎలాగో సగమే చెప్పి ఊరుకుంటారు. మిగతా సగం 1996లో ‘వార్ వితౌట్ ఎండ్’ రెండు భాగాల్లో వస్తుంది. ఈ మధ్యలో సీరియల్ కథానాయకుడే మారిపోయాడు! అయినా ముడి విప్పారు. మీరు మెచ్చుకుంటున్నది ఆ ఓపికని. కానీ ఆ రాత్రి మీరు కూర్చుని చూసిన ఎపిసోడ్ సగం కథ చెప్పి లేచిపోయింది, మీకు ఆరనిపించింది. ఆరు కొట్టేస్తే, కొత్తగా చూడబోయేవాళ్ళకి ‘ఇక్కడ కాస్త ఓపిక పట్టండి’ అని చెప్పే ఆధారం పోతుంది.

ప్రశ్న: రెండు భాగాల ఎపిసోడ్‌కి ఒకే మార్కు వేయాలా, విడివిడిగానా?
– లెక్కలు సరిచూసుకునేవాణ్ణి

జవాబు: విడివిడిగానే. ‘నెక్స్ట్ జనరేషన్’లోనే చూడండి. ‘ద బెస్ట్ ఆఫ్ బోత్ వరల్డ్స్’ మొదటి భాగం 1990 జూన్‌లో సీజన్ ముగింపుగా వచ్చింది, రెండోది సెప్టెంబరులో. మొదటిది రాసేటప్పుడు, ఆ చిక్కులోంచి బయటపడేదెలాగో రచయిత మైకేల్ పిల్లర్‌కే తెలియదు. ఆ తెలియనితనమే అక్కడ ఊపిరాడనివ్వదు. రెండోదాంట్లో విప్పిన తీరు అంత గొప్పగా లేదు, బానే ఉంది. నావి 10, 8. కలిపి తొమ్మిదంటే ఏది ఎక్కడ తగ్గిందో ఎవరికీ అర్థం కాదు.

ప్రశ్న: ‘ఫైర్‌ఫ్లై’ని ఏ వరసలో చూసి మార్కులు వేయాలి?
– కొత్తగా మొదలెడుతున్నవాళ్ళం

జవాబు: తీసినవాళ్ళు అనుకున్న వరసలో. పాత్రల్ని పరిచయం చేసే ‘సెరెనిటీ’ని ఛానెల్ మొదట వేయకుండా, 2002 డిసెంబరులో ఆఖర్న వేసింది. టీవీలో వచ్చిన వరసలో చూస్తే, ఛానెల్ చేసిన తప్పుకి రచయితల మార్కులు పోతాయి. తీసిన 14 ఎపిసోడ్లలో అప్పట్లో 11 మాత్రమే ప్రసారమయ్యాయి. పాపం ఆ సీరియల్‌ది అసలే చిన్న ఆయుష్షు.

ప్రశ్న: ‘బాటిల్‌స్టార్ గలాక్టికా’లో ‘33’ మీద నేను రాసిన సమీక్ష పంపుతున్నాను: ‘‘కథ మొదటినుంచి చివరిదాకా ఉత్కంఠగా సాగింది. నటీనటులందరూ తమ పాత్రల్లో జీవించారు. నేపథ్యసంగీతం అదనపు ఆకర్షణ. తప్పక చూడాల్సిన ఎపిసోడ్. 9/10.’’ ఎలా ఉందో మొహమాటం లేకుండా చెప్పండి.
– మొదటి సమీక్ష రాసిన చెల్లెలు

జవాబు: అడిగావు కాబట్టి చెబుతున్నా చెల్లెమ్మా. ఎపిసోడ్ పేరు కొట్టేసి ఇంకేదైనా పేరు పెట్టు, ఒక్క అక్షరం మార్చనక్కర్లేదు. నీ సమీక్షలో ‘33’ లేదు. తొమ్మిది మాత్రం ఉంది.

ఏం చూశావో గుర్తు తెచ్చుకో. శత్రువులు ప్రతి 33 నిమిషాలకీ వచ్చి పడుతున్నారు. నౌకలన్నీ అంతరిక్షంలో ఒక్క గంతులో దూరానికి దూకి తప్పించుకుంటాయి, గడియారం మళ్ళీ మొదలు. ఐదు రోజులైంది, ఎవరికీ నిద్ర లేదు. పైలట్లకి మందులిచ్చి మేలుకొలుపుతున్నారు. అధ్యక్షురాలి గదిలో తెల్లబోర్డు మీద బతికున్నవాళ్ళ లెక్క, చెరపడం, తిరిగి రాయడం. అలాంటి స్థితిలో, జనం ఉన్నారో లేరో రూఢిగా తెలియని ఒక నౌక విషయంలో ఘోరమైన నిర్ణయం తీసుకోవాలి. నిర్ణయం ఏమిటో నువ్వు రాయొద్దు, చూడనివాళ్ళుంటారు. కానీ దాన్ని తీసుకునేది ఐదు రోజులుగా కన్నుమూయని మనుషులన్న సంగతి రాయి. వాళ్ళ తీర్పుని నమ్మొచ్చా లేదా అన్న అనుమానం నీకు కలిగిందా? కలిగితే అదే నీ సమీక్ష. ‘నటీనటులు జీవించారు’ బదులు ఎవరి కళ్ళు ఎప్పుడు మూతలు పడ్డాయో ఒక్కటి చెప్పు చాలు.

ఇంకోటి. అంకె ముందు వేసి వాక్యం తర్వాత రాశావని చూడగానే తెలుస్తోంది. నేను ఎప్పుడూ వాక్యమే ముందు రాస్తాను, చివర్లో పేర్లు పడుతుండగానే, సంగతి వేడిగా ఉన్నప్పుడే. ఆ వాక్యాన్ని మళ్ళీ చదువుకుంటే అంకె ఎంతో అదే చెబుతుంది. నా వాక్యంలో ‘కానీ’ ఉంటే తొమ్మిది దాటనివ్వను. మళ్ళీ రాసి పంపు. ‘33’కి 2005లో హ్యూగో వచ్చిందని మాత్రం అందులో చేర్చకు. అవార్డు పేరు చూడగానే చదివేవాళ్ళు నీ కారణాలు వదిలేస్తారు.

ప్రశ్న: మా ఆయన ఎపిసోడ్ మధ్యలో నిద్రపోతారు. అయినా లేచి మార్కులు వేస్తారు. లెక్కలోకి తీసుకోవాలా?
– మేలుకునే చూసే ఇల్లాలు

జవాబు: ఆయన వేసిన అంకె వద్దమ్మా. ఎన్నో నిమిషంలో గురక మొదలైందో మాత్రం రాసుకోండి. నాలుగైదు ఎపిసోడ్లకి ఆ నిమిషమే వస్తోందంటే, తర్వాతిసారి అక్కడ మీరూ కాస్త జాగ్రత్తగా చూడండి. రచయిత కూడా అక్కడే కునుకు తీస్తున్నాడేమో.