ప్రభుత్వమే అద్దె ఇస్తుంటే యూకేలో ఇంటి ఓనర్లు ఎందుకు వెనకాడతారు?

"హౌసింగ్ బెనిఫిట్ మీద ఉన్నవాళ్లకు ప్రభుత్వమే అద్దె ఇస్తుంది, ఉద్యోగం పోతే ఎలా అన్న భయం కూడా ఉండదు. అలాంటప్పుడు వాళ్లకు ఓనర్లు ఇల్లు ఎందుకు ఇవ్వరు?" అని అడిగారు. 2019లో నేనూ అచ్చం ఇదే లెక్క వేసుకుని, కోవెంట్రీలో ఉన్న మా రెండు బెడ్‌రూముల ఇల్లు అలాంటి కుటుంబానికి ఇచ్చాను. ఆ లెక్కలో ఒక చిన్న తప్పుంది. ప్రభుత్వం డబ్బు ఇచ్చేది ఓనర్‌కి కాదు, ఇంట్లో ఉండేవాళ్లకి. అదీ నెల గడిచాక. ఓనర్‌కేమో అద్దె నెల మొదట్లోనే కావాలి, ఎందుకంటే అతని మార్ట్‌గేజ్ కిస్తీ ఎవరి కోసమూ ఆగదు.

మా ఇంటికి వచ్చినావిడ ఇద్దరు పిల్లల్ని ఒంటరిగా పెంచుకుంటోంది. కేర్ హోమ్‌లో పార్ట్‌టైమ్ పని. బెనిఫిట్స్ అనగానే మనవాళ్లకు ఇంట్లో కూర్చుని తినేవాళ్లే గుర్తొస్తారు గానీ, పని చేస్తూ జీతం చాలక తీసుకునేవాళ్లు బోలెడంతమంది. మా ఏజెంట్ మాత్రం మొదట్లోనే "మీ ఇష్టం, నేనైతే ఇవ్వను" అనేశాడు. యాడ్‌లో "నో డీఎస్ఎస్" (అంటే బెనిఫిట్స్ తీసుకునేవాళ్లకు ఇవ్వం) అని పెట్టమంటారా అని కూడా అడిగాడు. బెనిఫిట్స్ చూసే డీఎస్ఎస్ అనే శాఖ 2001లోనే పోయింది. ఇళ్ల ప్రకటనల్లో మాత్రం ఇంకా బతికే ఉంది!

ఆవిడ అంతకుముందు వేరే ఊళ్లో ఉండేది, అక్కడి కౌన్సిల్ (మన మున్సిపాలిటీ లాంటిది) పాత పద్ధతిలో హౌసింగ్ బెనిఫిట్ ఇచ్చేది. ఊరు మారడంతో అది ఆగిపోయి, కొత్తగా యూనివర్సల్ క్రెడిట్‌కి, అంటే అద్దె సాయంతో సహా పలు బెనిఫిట్స్‌ని కలిపి నెలకోసారి ఇచ్చే పథకానికి, దరఖాస్తు పెట్టుకోవాల్సి వచ్చింది. దాంట్లో మొదటి డబ్బు రావడానికి ఐదు వారాలు పడుతుంది. ముందు ఒక నెల మొత్తం లెక్క చూస్తారు, ఆ తర్వాత వారంలోపు వేస్తారు. ఈలోగా కావాలంటే అడ్వాన్స్ ఇస్తారు కానీ అది అప్పే, తర్వాతి నెలల్లో కోసుకుంటారు. మొదటి నెల అద్దె ఆవిడ చెల్లెలి దగ్గర తెచ్చి కట్టింది. రెండో నెలది మూడు వారాలు ఆలస్యం. మూడో నెలలో సగమే వచ్చింది.

నాకు టెన్షన్ మొదలై యూనివర్సల్ క్రెడిట్ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశాను. ఆమె అనుమతి లేకుండా మీతో ఏమీ మాట్లాడలేం అన్నారు. అద్దె నేరుగా నా ఖాతాలో వేయమని అడగొచ్చు, అయితే మామూలుగా రెండు నెలల అద్దె బాకీ పడ్డాకే ఆ వెసులుబాటు. అంటే నష్టం మొదలవుతోందని కళ్లముందు కనిపిస్తున్నా, అది పెద్దదయ్యేదాకా కూర్చోవాలి. ఓనర్లలో చాలామందికి చిరాకు ఇక్కడే.

ఇంకో చిక్కు నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. ఆవిడకు జీతం నెలకోసారి కాదు, నాలుగు వారాలకోసారి. ఏడాదికి పదమూడు జీతాలు. యూనివర్సల్ క్రెడిట్ లెక్క నెలవారీ. కాబట్టి ఏడాదిలో ఒక నెల లెక్కలో రెండు జీతాలు పడతాయి. ఆ నెల ఆవిడ బాగా సంపాదించిందని కంప్యూటర్ అనుకుంటుంది, పరిమితి దాటిన ప్రతి పౌండుకీ అప్పట్లో 63 పెన్నీలు తగ్గించేది (ఇప్పుడు 55). దాంతో తర్వాత చేతికొచ్చే డబ్బు బాగా తగ్గిపోతుంది. ఆ రెండో జీతం అప్పటికే పిల్లల బూట్లకీ గ్యాస్ బిల్లుకీ అయిపోయి ఉంటుంది. ఆ నెల అద్దె ఎందుకు రాలేదని నేను కోపంగా మెసేజ్ పెట్టాను. ఆవిడ పేస్లిప్పులు ఫోటో తీసి పంపింది. రెండుసార్లు చదివాక గానీ నాకు తలకెక్కలేదు. సిగ్గనిపించింది.

ఇక అద్దెకీ ఇచ్చే డబ్బుకీ మధ్య తేడా. ఒక ప్రాంతంలో ఒకే సైజు ఇళ్లు పదింటిని అద్దె ప్రకారం వరసగా పెడితే, కింద మూడింటికి సరిపడేంతే లోకల్ హౌసింగ్ అలవెన్స్, అంటే ప్రైవేటు ఇంటి అద్దెకు ఇచ్చే సాయానికి గరిష్ఠ పరిమితి. 2011 దాకా సగం ఇళ్లకు సరిపోయేలా ఉండేది, తర్వాత తగ్గించారు. పైగా 2016 నుంచి నాలుగేళ్లు ఆ పరిమితిని పెంచకుండా ఆపేశారు, బయట అద్దెలు మాత్రం ఆగలేదు. మా ఇంటి అద్దె 675 పౌండ్లయితే ఆవిడకు ఇంటి పేరిట వచ్చేది అంతకంటే నూటపాతిక పైచిలుకు తక్కువ. ఆ తేడా తిండి డబ్బుల్లోంచి రావాలి. 2020 ఏప్రిల్‌లో కరోనా వల్ల పరిమితి పెంచాక మా ఇద్దరికీ ఊపిరాడింది. తర్వాత మళ్లీ 2024 దాకా అదే రేటు.

బాకీ పడితే ఖాళీ చేయించడం ఇంకో భయం. నోటీసు ఇచ్చినా గడువుకి వెళ్లకండి, కోర్టు బెయిలిఫ్ (ఖాళీ చేయించే అధికారి) వచ్చేదాకా ఉండండి అని కౌన్సిళ్లే చెప్పడం మామూలు. ముందే వెళ్లిపోతే కావాలని ఇల్లు వదులుకున్నారంటూ సాయం నిరాకరించే ప్రమాదం ఉంటుంది మరి. అలా నెలలు గడుస్తాయి. డిపాజిట్ ఎక్కువ అడుగుదామంటే 2019 జూన్ నుంచి మామూలు ఇళ్లకు ఐదు వారాల అద్దె మించకూడదు. అద్దె ఇన్సూరెన్స్ వాళ్లేమో ఇంట్లో ఉండేవాళ్లకి నెల అద్దెకు ముప్పై రెట్ల వార్షికాదాయం ఉన్నట్టు చూపించమంటారు. నాకు ఆ పాలసీ దొరకలేదు.

ఇవన్నీ నిజమైన కారణాలు. నిజం కానివీ ఉన్నాయి. ఇక్కడి మన తెలుగు ఓనర్ల వాట్సాప్ గ్రూపులో ఈ మాట తీస్తే పది మంది "వద్దు బ్రదర్, ఇల్లు పాడు చేస్తారు" అన్నారు. మీలో ఎవరైనా ఇచ్చి చూశారా అంటే ఒక్కరూ లేరు. నా ఇల్లు పాడు చేసిందెవరో చెప్పనా? ఆవిడకంటే ముందున్న సాఫ్ట్‌వేర్ జంట. బాత్రూమ్‌లో నీళ్లు కారుతుంటే నాకు చెప్పకుండా కింద బకెట్ పెట్టి ఏడాది గడిపారు. అద్దె మాత్రం ఒక్కరోజు కూడా ఆలస్యం చేయలేదు.

మనకీ ఇది కొత్తేం కాదు. హైదరాబాద్‌లో బ్యాచిలర్లకు ఇవ్వం అనిపించుకునే వచ్చాను. 2011లో ఇక్కడ దిగినప్పుడు, క్రెడిట్ హిస్టరీ లేదని ఏజెంట్ ఆరు నెలల అద్దె ముందే కట్టమన్నాడు. మన వీసాల మీద ప్రభుత్వ సాయం తీసుకోకూడదని షరతు ఉంటుంది కాబట్టి కొత్తగా వచ్చినవాళ్లకు ఈ బెనిఫిట్ గొడవే తగలదు. అందుకే అవతలివాళ్ల లెక్క మనకు అర్థం కాదనుకుంటాను.

చట్టం సంగతి: బెనిఫిట్స్ ఉన్నాయని ఇల్లు చూపించడానికే నిరాకరించడం ఈక్వాలిటీ యాక్ట్ 2010 ప్రకారం వివక్షేనని 2020 జులైలో యార్క్ కౌంటీ కోర్టు చెప్పింది, ఎందుకంటే దెబ్బ ఎక్కువగా పడేది ఆడవాళ్ల మీదా వికలాంగుల మీదా. 2025లో వచ్చిన రెంటర్స్ రైట్స్ యాక్ట్ ఇంగ్లండ్‌లో దీన్ని సూటిగానే నిషేధించింది, అమలు 2026 మే 1 నుంచి. అద్దె కట్టే స్తోమత ఉందా లేదా అని మాత్రం ఓనర్ చూసుకోవచ్చు.

మీరు ఓనరై ఈ ప్రశ్న అడుగుతుంటే, ఇల్లు ఇచ్చే ముందు రెండు విషయాలు కనుక్కోండి: యూనివర్సల్ క్రెడిట్ ఏ తేదీన పడుతుంది, జీతం ఎన్ని వారాలకోసారి. అద్దె తేదీని డబ్బు పడ్డాక రెండు రోజులకు పెట్టుకోండి. మా ఇంట్లో ఒకటో తారీకు అద్దెని పధ్నాలుగుకి మార్చాక, ఆవిడ ఉన్న నాలుగేళ్లలో ఆలస్యమైంది రెండే సార్లు. ఆ తేదీ మార్చాలన్న ఆలోచన రావడానికి నాకు తొమ్మిది నెలలు పట్టింది, అదీ మా ఆవిడ చెబితే.