ఇంట్లోనే ప్రార్థన చేసుకుంటే సరిపోదా? నా అనుభవం

"ఇంట్లో బైబిల్ చదువుకుంటున్నాను, ప్రార్థన చేసుకుంటున్నాను. చర్చి సంఘంలో ఒకరి మాటకి మనసు విరిగిపోయింది. వెళ్లకపోతే విశ్వాసం నిలబడదా?" అని మీలో ఒకరు అడిగారు.

ఇదే ప్రశ్నతో నేను దాదాపు ఏడు నెలలు ఇంట్లో ఉండిపోయాను. నాన్న పోయిన కొన్నాళ్లకే సంఘంలో ఒకావిడ, "విశ్వాసం గట్టిగా ఉండుంటే దేవుడు స్వస్థపరిచేవాడమ్మా" అంది. ఆయన మంచం పక్కన మేం ఎన్ని రాత్రులు మోకరించామో ఆవిడకి తెలియదు. ఆ వారం నుంచే వెళ్లడం మానేశాను.

మొదట్లో హాయిగానే ఉంది. పొద్దున్నే వాక్యం చదివేదాన్ని, ఫోన్‌లో ప్రసంగాలు వినేదాన్ని. మూడో నెలకి ప్రసంగం పెట్టుకుని వేరే పనులు చేసుకునేదాన్ని. తర్వాత అదీ లేదు. విశ్వాసం తగ్గుతోందని ఒక్కరోజూ అనిపించలేదు. పక్కన చెప్పేవాళ్లు ఎవరూ లేరు మరి.

సంఘంలోని ఒక పెద్దావిడ మాత్రం ప్రతి శనివారం రాత్రి ఫోన్ చేసేది. ఎందుకు రావట్లేదని ఎప్పుడూ అడగలేదు. రేపటి వాక్యభాగం చదివి, రెండు నిమిషాలు ప్రార్థన చేసి, "ఉంటాను తల్లీ" అని పెట్టేసేది. ఒక శనివారం గొంతు పూర్తిగా బొంగురుపోయి ఉంది. "జ్వరం తల్లీ, ఇవాళ నాకు ప్రార్థన రావట్లేదు. నువ్వు చెయ్యి" అంది. నేను పైకి ప్రార్థన చేసి నెలలైంది. ఏం చెప్పాలో తెలియక చాలాసేపు ఊరుకున్నాను. ఆవిడ దగ్గు వినిపిస్తోంది, ఫోన్ మాత్రం పెట్టలేదు. చివరికి "ప్రభువా, అమ్మగారికి నిద్ర పట్టించు" అన్నాను. అంతే వచ్చింది. ఆవిడ "ఆమెన్" అంది. నేను ఏడ్చేశాను.

మార్కు 2వ అధ్యాయంలో పక్షవాయువు గలవాణ్ణి నలుగురు మోసుకొచ్చి కప్పు విప్పి దించుతారు కదా. అక్కడ యేసు "వారి విశ్వాసము చూచి" అని ఉంది. సహవాసం అంటే నాకు అప్పుడు అర్థమైంది. కొన్ని వారాలు నన్ను మోస్తారు, ఒక శనివారం నేను మోస్తాను.

"సమాజముగా కూడుట మానక" అనే హెబ్రీ 10:25ని హాజరు పట్టీలా వాడేవాళ్లని చూస్తే నాకు బాధ. అదే అధ్యాయం 32 నుంచి 34 వరకు చదవండి. నిందలు పడి, ఆస్తి పోగొట్టుకున్నవాళ్లకి రాసిన మాట అది. దెబ్బ తిన్నవాళ్లు ఒంటరిగా ఉండలేరని తెలిసి రాసింది.

తిరిగి వెళ్లిన రోజు తలుపు పక్కన చివరి వరసలో కూర్చున్నాను. పాట నోటికి రాలేదు. యేసు శిష్యుడు తోమా గుర్తొచ్చాడు. యేసు తిరిగి లేచాడంటే నమ్మనని తెగేసి చెప్పిన మనిషి, ఎనిమిది దినాల తర్వాత కూడా ఆ శిష్యుల మధ్యే ఉన్నాడు. వాళ్లూ వెళ్లగొట్టలేదు. ప్రభువు వచ్చేసరికి అతను అక్కడ ఉన్నాడు.

ఆ మాట అన్నావిడతో కూడా, మత్తయి 18:15లో చెప్పినట్టు ఒంటరిగానే మాట్లాడాను. తను అలా అన్నట్టే గుర్తులేదంది. ఆ రోజు క్షమించలేకపోయాను, చాలా కాలం పట్టింది. ఇప్పుడు పక్కపక్కనే కూర్చుంటాం.

ఒక్కటి గట్టిగా చెబుతాను. మీ సంఘంలో భయపెట్టడం, డబ్బు కోసం ఒత్తిడి, తప్పుల్ని దాచడం లాంటివి ఉంటే అక్కడ ఓర్చుకుని ఉండాల్సిన పని లేదు, వేరే సంఘం చూసుకోండి. కేవలం ఒకరి మాటే అయితే, అందరి దగ్గరికీ ఒకేసారి వెళ్లనక్కర్లేదు. మీకు నమ్మకమైన ఒక్కరికి ఈ వారం ఫోన్ చేయండి. "నాకు ప్రార్థన రావట్లేదు" అని చెప్పినా చాలు.

శనివారం రాత్రి మేమిద్దరం ఇప్పటికీ ప్రార్థన చేసుకుంటాం. ఈసారి మీ కోసం కూడా చేస్తాం.