ట్రాంబోన్ ఆరో స్థానంలో శ్రుతి ఎందుకు తప్పుతోంది?

ప్రశ్న: మా అబ్బాయికి 11 ఏళ్లు. ట్రాంబోన్ (జారే గొట్టం, అంటే స్లైడ్, జరిపి స్వరం మార్చే ఇత్తడి ఊదే వాయిద్యం) నేర్చుకుంటున్నాడు. స్లైడ్ దూరంగా జరిపితే స్వరం తప్పుతోంది, మధ్యలో పట్టేస్తోంది కూడా. ఏం చేయాలి?
- ఒక తల్లి, పెరంబూర్, చెన్నై

జవాబు: వయొలిన్‌లాగే దీనికీ మెట్లుండవమ్మా, చెవే ఆధారం. స్లైడ్‌కు ఏడు స్థానాలు, ఒక్కోటి అర స్వరం దిగుతుంది. కానీ దూరాలు సమానం కావు. గొట్టం పొడుగయ్యేకొద్దీ ఎక్కువ జరపాలి: మొదటి రెండింటి మధ్య సుమారు 8 సెంటీమీటర్లు, ఆరు-ఏడుల మధ్య దాదాపు 11. పిల్లలు ఒకే కొలతన జరుపుతారు, అందుకే ఆరోది హెచ్చుగా పలుకుతుంది. గుర్తుకు, మూడోది గంట (వాయిద్యం ముందు విచ్చుకున్న నోరు) అంచు చేరడానికి కాస్త ముందే, నాలుగోది అంచు దాటాక. ఏడోది చెయ్యి అందకపోతే భుజం లాగనివ్వకండి. ఎఫ్ అటాచ్‌మెంట్ (బొటనవేలి మీటతో కలిసే అదనపు గొట్టం) ఉన్న వాయిద్యంలో, మీట నొక్కితే ఏడో స్థానం స్వరాలు రెండో స్థానంలోనే వస్తాయి.

స్లైడ్ పట్టేయడానికి ఎక్కువసార్లు కారణం దానికి రాసే పాత స్లైడ్ క్రీమ్, మురికి. గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కల గిన్నెల సబ్బు కలిపి కడిగి, ఆరాక లోపలి గొట్టాల చివర లావుగా ఉన్నచోట మాత్రమే పలచగా క్రీమ్ రాసి, నీళ్లు స్ప్రే చేయండి. వేడినీళ్లు వద్దు, పూత లేస్తుంది. అయినా ఒకేచోట ఆగుతుంటే సొట్ట పడినట్టే. ఇంట్లో సరిచేయబోకండి, వాయిద్యాల మెకానిక్‌కే ఇవ్వండి.