సార్వత్రిక సంఘమా, కతోలిక శ్రీసభా?

సందేహం: క్రైస్తవ శాఖల్లో సత్యం ఎక్కడుందో తెలుసుకోవాలని అందరి ప్రార్థన పుస్తకాలూ చదువుతున్నాను. ఒకే విశ్వాస ప్రమాణంలో ప్రొటెస్టెంట్లు ‘సార్వత్రిక సంఘము’ అంటే, కతోలికులు ‘కతోలిక శ్రీసభ’ అంటున్నారు. దేవదూత మరియను పలకరించిన మాట ప్రొటెస్టెంట్ల బైబిల్లో ‘దయాప్రాప్తురాలా’, కతోలికుల ప్రార్థనలో ‘వరప్రసాదము చేత నిండిన’. ఎవరు మాట మార్చారు? ఏది సరైన తెలుగు?

సమాధానం: మొదటి జంటలో ఎవరూ ఏమీ మార్చలేదు. రెండింటి వెనుకా ఉన్నది ‘కథోలికోస్’ అనే ఒకే గ్రీకు విశేషణం. ‘కత’, ‘హోలోస్’ (మొత్తం) అనే పదాల కలయిక అది. ‘కత’లోని తకారం, హోలోస్‌లోని హకారం కలిసి థకారమైంది కాబట్టి ‘కథోలిక’ అని రాసేవారి ఒత్తుకూ ఆధారం ఉంది. ప్రొటెస్టెంట్లు ఆ మాటను అనువదించారు, కతోలికులు ఉన్నదున్నట్టు తీసుకున్నారు.

అయితే రెంటిలోనూ కొంత నష్టం ఉంది. సంఘం లోకమంతటా ఉంది కాబట్టీ, బోధను ఏ లోటూ లేకుండా పూర్తిగా నేర్పుతుంది కాబట్టీ దానికి ఆ పేరని 4వ శతాబ్దంలో యెరూషలేము బిషప్ సిరిల్ వివరించాడు. ‘సర్వత్ర’ అంటే అంతటా. కనుక ‘సార్వత్రిక’లో మొదటి అర్థమే వచ్చింది, ‘సమగ్ర’ అన్న రెండోది జారిపోయింది. ‘కతోలిక’ అన్నది తెలుగు చెవికి వట్టి పేరుగానే వినిపిస్తుంది. ప్రొటెస్టెంటు ప్రార్థనలో ‘సార్వత్రిక’ అన్నప్పుడు రోము పోపు అధికారాన్ని ఒప్పుకున్నట్టు కాదు. అసలు తగాదా ఆ విశేషణం ఏ సంఘానికి చెల్లుతుందన్నది. దాన్ని నిఘంటువు తేల్చదు.

రెండో జంట (లూకా 1:28) ఇంకా లోతైనది. గ్రీకులో అక్కడున్నది ‘కెఖారితోమెనె’. ‘ఖారిస్’ అంటే కృప. కర్మణి రూపం, పని ముగిసి ఫలితం నిలిచి ఉన్నదని చెప్పే కాలం: ‘కృప పొంది ఉన్నదానా’ అని. ‘నిండిన’ అన్నది లాటిన్ అనువాదం నుంచి వచ్చింది. ‘కృపతో నిండిన’ అని చెప్పే వేరే పలుకుబడి లూకాకు తెలుసు. అపొస్తలుల కార్యములు 6:8లో స్తెఫను గురించి దాన్నే వాడాడు. కాబట్టి వ్యాకరణం ‘ప్రాప్తురాలా’ వైపే మొగ్గుతుంది. కానీ ‘దయా’ దగ్గర ఆ అనువాదకులూ తప్పటడుగు వేశారనే నా అభిప్రాయం. రెండు వచనాల తర్వాత అదే ‘ఖారిస్’ను ‘దేవునివలన నీవు కృపపొందితివి’ అని రాసి, ఇక్కడ ‘దయ’ అనడంతో రెండు మాటల బంధుత్వం తెలుగు పాఠకుడికి కనబడకుండా పోయింది. ‘కృపాప్రాప్తురాలా’ అని ఉంటే సరిపోయేది. మరియ జన్మపాపం (ఆదాము నుంచి మనుషులందరికీ వచ్చే పాపం) లేకుండా పుట్టిందన్న కతోలికుల సిద్ధాంతం మాత్రం ఈ ఒక్క పదంతో నిలవదు, కూలదు.

పరిశుద్ధాత్మ–పవిత్రాత్మ, బాప్తిస్మం–జ్ఞానస్నానం వంటివి అలవాటు భేదాలే. వాటి దగ్గర ఆగవద్దు.

ఆగవలసిన మాట ‘పూజ’. ‘మరియమాత పండుగ పూజ’ అని విని, మరియను దేవతగా కొలుస్తున్నారని చాలామంది పొరబడతారు. కతోలికుల తెలుగులో పూజ అంటే అప్పద్రాక్షారసాలతో తండ్రి అయిన దేవునికి అర్పించే బలి. పండుగ మరియది, అర్పణ దేవునికి. దేవునికే చెందే ఆరాధనకూ, పటాలకు చేసే వందనానికీ గ్రీకులో వేర్వేరు మాటలున్నాయి. 787లో బిషప్పులు కూడిన నికయ రెండో మహాసభ ఆ తేడాను స్పష్టం చేసింది. ఆ వందనమూ తగదని వాదించే ప్రొటెస్టెంట్లతో మాట్లాడేటప్పుడు ‘పూజ’ను పక్కనపెట్టి ‘ఆరాధన’, ‘వందనం’ అని విడదీసి అడగండి. అప్పుడు వచ్చే జవాబు మీ ప్రశ్నకే వస్తుంది.